క్రియోల్ రొయ్యల కూర: పుట్టుపూర్వోత్తరములు

ఉత్తర అమెరికాలో మిసిసిపీ మహానది సముద్రమును చేరుటకు కొంత ఎగువన, లూసియానా రాష్ట్రములో, న్యూ ఆర్లియన్స్ నగరము కలదు. ఆ నగరపు ఇండ్లలో తరతరములుగా వండుకొను రొయ్యల కూర యొకటి లోకప్రసిద్ధమైనది. దానికి క్రియోల్ రొయ్యలని పేరు. పాకశాస్త్రమును బోధించుట మా యుద్దేశము కాదు గాని, వంట తెలియనిదే దాని కథ తెలియదు. కావున ముందుగా పొయ్యి దగ్గరకే పోదము.

రొయ్యలను ఒలిచి, వీపుమీది నల్లని నరమును తీసివేయుదురు. ఒలిచిన పెంకులను, తలలను పారవేయరు. వానిని నీటిలో మరిగించి, వడగట్టి, ఆ రసమును దాచుదురు. వెన్నలోనో నూనెలోనో ఉల్లిపాయ, పచ్చని బుట్టమిరపకాయ, సెలరీ కాడ, ఈ మూటిని సన్నగా తరిగి మెత్తబడువరకు వేయింతురు. సెలరీ మన కొత్తిమీర కుటుంబములోనిదే. వాడునది ముఖ్యముగా దాని కాడ. పిదప వెల్లుల్లి, టమాటాలు, దాచిన రసము, కారము, ఒక బే ఆకు, వాము వాసనను తలపించు థైమ్ ఆకు చేర్చి అరగంటకు పైగా సన్నని సెగపై ఉడికింతురు. గుజ్జు చిక్కబడి, అన్నము సిద్ధమైన తరువాతనే రొయ్యలను వేయవలెను. మూడు నాలుగు నిమిషములలో అవి ఎఱ్ఱబడి వంకర తిరుగును, వెంటనే దించవలెను. అంతకు మించి ఉంచినచో రబ్బరువలె సాగును. దీనిని తెల్లని అన్నముపై వడ్డించుకొని తిందురు. మన గోదావరి తీరపు గృహిణులకు ఇందు మసాలా, చింతపండు లేవను లోపమే గాని పెద్ద వింత యేమియు కనబడదు.

క్రియోల్ అను మాట, పెంచుట అను అర్థముగల పోర్చుగీసు ధాతువునుండి పుట్టినది. సముద్రము దాటి వచ్చినవారికి వలసదేశములోనే పుట్టి పెరిగిన సంతతిని, తెల్లవారినైనను నల్లవారినైనను, ఆ పేర పిలుచుచుండిరి. న్యూ ఆర్లియన్స్‌ను 1718లో ఫ్రెంచివారు స్థాపించిరి. వారికి రొట్టె ప్రాణము. ఆ బురద నేలలలో గోధుమ సరిగా పండలేదు. 1719లో ఆఫ్రికానుండి బానిసలను తెచ్చిన మొదటి ఓడల నాయకులకు, వరి విత్తనములను, వరిసాగు నెరిగిన మనుష్యులను గూడ తెమ్మని ఆజ్ఞ యుండెను. ఈ సంగతిని మేము పలుమారులు తలచికొందుము. బలము చాలినందున బానిసలను తెచ్చిరని సాధారణముగా చెప్పుదురు. ఇచట పట్టి తెచ్చినది కండబలమును మాత్రమే కాదు, సేద్యపు విద్యను గూడ. నేడు ఆ కూర క్రింద కనబడు అన్నమునకు మూలము అదియే.

టమాటా, మిరప అమెరికా ఖండపు సొంత పంటలే యైనను, వానిని నూనెలో ఉల్లితో మ్రగ్గించి వంటకు పునాదిగా చేయుట స్పెయిన్ దేశీయుల అలవాటు. 1762 సంధివలన లూసియానా వారికి దక్కెను; 1778 మొదలు కెనరీ దీవుల కుటుంబములు వచ్చి స్థిరపడెను. అటుపిమ్మట, నేటి హైతీలో 1791న రేగిన బానిసల తిరుగుబాటువలన చెదరి, క్యూబాలో తలదాచుకొన్నవారు అచటనుండి వెడలగొట్టబడి, 1809-10లలో తొమ్మిది వేలమందికి పైగా ఈ నగరము చేరిరి. వారిలో తెల్లవారు, స్వతంత్రులైన వర్ణజాతులవారు, బానిసలు ఇంచుమించు మూడవ వంతు చొప్పున ఉండిరి. కరీబియను దీవుల కారము, రుచి దీనితో మరింత బలపడెను. కెనడాలో ఆంగ్లేయులు 1755 మొదలు తరిమివేసిన అకేడియనుల పల్లె వంట వేరు. దానిలో టమాటా అరుదు. ఈ రెండింటిని ఒకటిగా చెప్పుట పొరపాటు.

ఎవరు ఏ దినుసు తెచ్చిరో లెక్కించుట చరిత్రకారులకు వేడుక. గరిటె పట్టినది ఎవరను ప్రశ్నకు వారు అంత శ్రద్ధ చూపలేదు. 1885లో లాఫ్కాడియో హెర్న్ అను రచయిత తన పేరు వేసికొనకయే ఒక క్రియోల్ వంటల పుస్తకమును ప్రకటించెను. 1900లో పికయూన్ పత్రికవారు మరియొక పెద్ద గ్రంథమును వెలువరించిరి. పాతకాలపు నీగ్రో వంటకత్తెలు గతించుచున్నారు గనుక వారి విద్యను భద్రపరచవలెనని ఆ పత్రికవారే పీఠికలో చెప్పిరి. విద్య భద్రమయ్యెను. అట్టపై పేరు మాత్రము పత్రికదే.

ఆ వెలితిని కొంత తీర్చిన స్త్రీ లీనా రిచర్డ్. ఈమె 1892లో పుట్టి, చిన్ననాటనే ఒక సంపన్నుల యింట పనికి కుదిరెను. యజమానురాలు ఆమె నేర్పు గుర్తించి 1918లో బోస్టనులోని పాకశాలకు పంపెను. అచటివారు తనకు నేర్పగలదానికంటె తాను వారికి నేర్పగలది ఎక్కువయని ఆమె గ్రహించెనట. 1939లో తన వంటల పుస్తకమును తన పేరనే, తన ఖర్చుతోనే అచ్చువేసెను. మరుసటి యేడు పేరుగల ప్రచురణకర్తలు దానిని తిరిగి ముద్రించిరి. 1949లో న్యూ ఆర్లియన్స్ టెలివిజన్‌లో వంట కార్యక్రమమును నడపెను. ప్రసారశాఖలతో పరిచయముగల మాకు ఇది సామాన్య విషయముగా తోచదు. తెరపై ఆమె చెప్పిన కూరను ఇంటింట వండుకొనిరి; ఆ నగరములోనే తెల్లవారి భోజనశాలలో ఆమె కూర్చుండి తినుటకు వీలు లేకుండెను. ఆమె 1950లో మరణించెను. ఆ నిషేధము 1964 పౌరహక్కుల చట్టము వరకు నిలిచెను. ఆ చట్టమునకు ముందే లియా చేజ్ అను వంటగత్తె తన కుటుంబపు భోజనశాల మేడపై నల్లవారికి, తెల్లవారికి కలిపి వడ్డించి, ఉద్యమ నాయకులకు ఆలోచనలు చేసికొను చోటు కల్పించెను.

ఇక రొయ్య సంగతి. మంచుపెట్టెలు లేని దినములలో బరటారియా అఖాతపు నీటిపై కొయ్యవేదికలు కట్టి, చైనా, ఫిలిప్పీను దేశస్థులు రొయ్యలను ఉడికించి ఎండబెట్టుచుండిరి. ఎండినవానిని కాళ్లతో త్రొక్కి పెంకులు రాల్చుచుండిరి. మన ఎండురొయ్యలకు అవి చుట్టములే. ఆ వేదికలలో పేరుపడిన మనీలా గ్రామము 1965 తుపానులో కొట్టుకొనిపోయెను.

నేడు అమెరికనులు తిను రొయ్యలలో అధికభాగము దిగుమతియే. వానిని పంపు దేశములలో భారతదేశము అగ్రస్థానము పొందినది. భారతదేశపు చెరువురొయ్యలో పెద్ద పాలు ఆంధ్ర తీరముది. ఆ చెరువులలో పెరుగు వెనామీ జాతి అమెరికా ఖండపు పసిఫిక్ తీరమున పుట్టినది. మన దేశములో దాని పెంపకమునకు 2009లో అనుమతి కలిగెను. చౌక దిగుమతులవలన తమ పడవలు మూలబడుచున్నవని లూసియానా జాలరులు మొఱపెట్టగా, 2005లో భారతదేశము మొదలైన దేశముల రొయ్యలపై ప్రత్యేక సుంకము విధించిరి. విదేశపు రొయ్యలను వడ్డించు భోజనశాలలు ఆ మాట తెలుపవలెనని లూసియానా 2019లో శాసనము చేసెను. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము మన సరుకులపై సుంకమును నూటికి 50 వరకు పెంచినపుడు, భీమవరము, నెల్లూరు ప్రాంతములలో చెరువుగట్టు ధర పడిపోయెను.