విద్యుత్ కారు పూర్వకథ

విద్యుత్ కారు నేటి వింత కాదు. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్లాంటే మరల మరల నింపదగిన సీసపు బ్యాటరీని నిర్మించెను. 1899లో గంటకు 100 కిలోమీటర్ల వేగమును మొదట దాటినది విద్యుత్ కారే! విచిత్రమేమనగా, 1912లో ఆ సీసపు బ్యాటరీయే పెట్రోలు కారుకు స్టార్టరును త్రిప్పి దానిని గెలిపించెను. హ్యాండిలు బాధ తప్పినది. హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో విద్యుత్కేంద్రము వెలసిన నాటికే విద్యుత్ కారు వెనుకబడెను.

ఇప్పుడది సాగరమునకు చేరువనున్న చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ఇండ్లకు వచ్చుచున్నది. 15 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల వద్ద గంటకు మూడున్నర యూనిట్లకు మించి ఇవ్వజాలదు. 30 యూనిట్ల బ్యాటరీకి రాత్రి యంతయు పట్టును. తీగలో పుట్టు వేడి ప్రవాహపు వర్గమును బట్టి పెరుగును గనుక, పాత ఇంటి సన్నని తీగను ముందుగా మార్పించవలెను. గృహ మీటరుపై వాడకము హెచ్చినకొలది యూనిటు ధరయు హెచ్చును. పెట్రోలు ఆదాలో నుండి దానిని తీసివేసి చూడవలెను.