కంటికా, వేలికా? – నమూనా విమానాల సిమ్యులేటర్ల చరిత్ర

ఇలినాయ్ రాష్ట్రం నడుమ, మొక్కజొన్న చేల మధ్య షాంపేన్, అర్బానా అనే జంట ఊళ్ళున్నాయి. రేడియోతో నడిచే నమూనా విమానాలను కంప్యూటర్ తెర మీద నేర్పే సిమ్యులేటర్ల చరిత్రలో పెద్ద భాగం ఈ ఊళ్ళ చుట్టూనే తిరిగింది. అమెరికా అంగట్లో పోటీపడ్డ రెండు సిమ్యులేటర్లను పంపిణీ చేసిన కంపెనీలు రెండూ షాంపేన్‌వే. వాటిలో ఒకదానికి గణితం సమకూర్చిన ఆచార్యుడు అక్కడి ఇలినాయ్ విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పాడు. అంతకు ముప్పై అయిదేళ్ళ ముందే, సిమ్యులేటర్ విలువను అంకెల్లో కొలిచే పద్ధతి కూడా ఆ విశ్వవిద్యాలయంలోనే రూపుదిద్దుకుంది. అయినా అంగట్లో పోలిక మాత్రం తెర మీది బొమ్మ ఎంత అందంగా ఉంది, పెట్టెలో ఎన్ని విమానాలున్నాయి అన్నవాటి చుట్టూనే ఎక్కువగా సాగింది.

ముందు ఆ కొలబద్ద సంగతి. 1946లో అలెగ్జాండర్ విలియమ్స్ ఇలినాయ్‌లో వైమానిక మనస్తత్వశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పాడు. ఆయన శిష్యుడు స్టాన్లీ రాస్కో 1971లో ఒక సూటి ప్రశ్న వేశాడు: సిమ్యులేటర్‌లో గడిపిన ప్రతి అదనపు గంట, నిజమైన విమానంలో నేర్చుకోవలసిన సమయాన్ని ఎంత తగ్గిస్తుంది? 1973లో పోవెన్‌మైర్‌తో కలిసి ఆయన ప్రచురించిన ప్రయోగంలో, సిమ్యులేటర్ ముట్టని విద్యార్థులకు పరీక్ష నెగ్గడానికి సగటున సుమారు 45 గంటల విమానయానం పట్టింది. ముందుగా 3 గంటలు సిమ్యులేటర్‌లో కూర్చున్నవారికి అది సుమారు 40కి తగ్గింది. 11 గంటలు కూర్చున్నవారికి సుమారు 38. అంటే మొదటి మూడు గంటలూ తమ విలువకు మించి ఫలమిచ్చాయి. తర్వాతి ఎనిమిది గంటలు ఆదా చేసింది రెండు మూడు గంటలే. సిమ్యులేటర్ మంచిదా కాదా అన్న ప్రశ్నను రాస్కో ఈ విధంగా, ఏ దశలో ఉన్న విద్యార్థికి, ఎన్నో గంటలో అన్న ప్రశ్నగా మార్చాడు.

ఈ లెక్క పైలట్ లోపల కూర్చునే విమానానిది. కంప్యూటర్ ఆటల వంశం కూడా అక్కడే మొదలైంది. ఇలినాయ్ విద్యార్థి బ్రూస్ ఆర్ట్‌విక్ 1975లో తన ఎమ్మెస్ పరిశోధనా వ్యాసంగా కంప్యూటర్ గీసే విమానయాన దృశ్యాన్ని రూపొందించాడు. అతని సబ్‌లాజిక్ సంస్థ ఆపిల్ యంత్రానికి చేసిన ఫ్లైట్ సిమ్యులేటరే 1982లో మైక్రోసాఫ్ట్ పేరుతో వచ్చినదానికి తల్లి. అందులో చూసేవాడి కన్ను కాక్‌పిట్‌లో ఉంటుంది. విమానం ఒరిగితే లోకమే ఒరుగుతుంది.

నమూనా విమానం దీనికి పూర్తిగా విరుద్ధం. 1937లో మిషిగన్‌కు చెందిన కవల సోదరులు వాల్టర్, విలియం గుడ్ రేడియోతో తమ ‘గఫ్’ను ఎగరేసిన నాటినుంచీ పైలట్ నేల మీదే నిలబడి ఉన్నాడు. లోకం కదలదు, విమానమొక్కటే కదులుతుంది. అది దూరంగా పోతున్నంతసేపూ పైలట్ కుడి, విమానం కుడి ఒకటే. వెనుదిరిగి ఎదురుగా వచ్చిందా, కుడి ఎడమలు తారుమారవుతాయి. కొత్తవారి విమానాలు ఎక్కువగా నేలకూలేది ఈ క్షణంలోనే. పాతకాపులు నేర్పే కిటుకు ఒకటుంది: విమానం ఎదురుగా వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలితే స్టిక్‌ను ఆ వైపుకే నెట్టాలి, పడిపోతున్న రెక్కకు ఊతకర్ర పెట్టినట్టు. బుర్రతో ఆలోచించి చేయడానికి వ్యవధి ఉండదు, బొటనవేలికే తెలిసిపోవాలి. ఇందుకు గొప్ప వాయుశాస్త్రం అక్కర్లేదు, గొప్ప బొమ్మా అక్కర్లేదు. జర్మనీనుంచి ఉచితంగా వచ్చిన ఎఫ్ఎమ్ఎస్ వంటి సాదాసీదా ప్రోగ్రాములు అంతమందికి పనికిరావడంలో రహస్యం ఇదే. రాస్కో చెప్పిన ఆ విలువైన తొలి గంటలను అవీ ఇవ్వగలవు.

1990ల చివర ఆరెగాన్ రాష్ట్రపు నైఫ్ ఎడ్జ్ సంస్థ రియల్‌ఫ్లైట్‌ను తయారుచేసింది. షాంపేన్‌లోని హాబికో దాన్ని గ్రేట్ ప్లేన్స్ పేరు మీద అమ్మింది. నిజమైన ట్రాన్స్‌మిటర్‌ను పోలిన ఇంటర్‌లింక్ కంట్రోలర్ పెట్టెతోపాటే వచ్చేది, చాలాకాలం అది తగిలిస్తేనే ప్రోగ్రామ్ నడిచేది. తర్వాతి కూర్పుల్లో ఫోటో మైదానాలు చేరాయి. జర్మనీ వారి రిఫ్లెక్స్‌ది కూడా అదే బాట. మైదానంలో ఒకచోట నిలబడి చుట్టూ తీసిన ఫోటోలను అతికి, దానిపై విమానాన్ని గీస్తారు. కాక్‌పిట్ సిమ్యులేటర్‌కు ఈ పద్ధతి బొత్తిగా పనికిరాదు, అడుగు కదిపితే ఫోటో తప్పవుతుంది. నమూనా విమాన పైలట్ మాత్రం అడుగు కదపడు. ఒక మాధ్యమపు లోపం మరో మాధ్యమపు అవసరంతో ఇంత చక్కగా కుదరడం అరుదు.

అయితే ఫోటో ఎంత బాగున్నా తెరకు ఒక హద్దుంది. మీటరున్నర రెక్కల విమానం 150 మీటర్ల దూరంలో ఉంటే, దాని వెడల్పు కంటికి అర డిగ్రీకి కాస్త ఎక్కువ, ఇంచుమించు పున్నమి చంద్రుడంత. అడ్డంగా 1920 చుక్కలున్న తెర 60 డిగ్రీల దృశ్యాన్ని చూపిస్తే ఆ విమానానికి దక్కేవి 18 చుక్కలు. మంచి చూపున్న కన్ను మైదానంలో దానికి రెట్టింపు వివరాన్ని పట్టగలదు. రెక్క ఏ వైపు వాలిందో తెలిపేది ఆ వివరమే. ఈ లోటు తీర్చడానికి సిమ్యులేటర్లు దూరం పెరిగేకొద్దీ దృశ్యాన్ని దగ్గరకు లాగే సదుపాయం ఇచ్చాయి. ఉపకారం పేరుతో జరిగే అపకారమిది. మైదానంలో కన్ను జూమ్ చేయలేదు. విమానాన్ని దూరం పోనివ్వకూడదన్న భయం నేర్పవలసిన చోట, పోయినా ఫరవాలేదన్న ధీమా నేర్పుతుంది.

ఇక రెండో వంశం, సమీకరణాలది. చిన్న రెక్క మీద గాలి పెద్ద రెక్క మీద పారినట్టు పారదు. రెనాల్డ్స్ సంఖ్య అనే కొలతలో చూస్తే, చిన్న సెస్నా విమానపు రెక్కకు అది సుమారు 50 లక్షలు. పాతిక సెంటీమీటర్ల వెడల్పుతో సెకనుకు 12 మీటర్లు పోయే నమూనా రెక్కకు సుమారు 2 లక్షలే. ఈ చిన్న సంఖ్యల దగ్గర గాలి రెక్కను ముందే వదిలేస్తుంది, పాఠ్యపుస్తకాల్లోని అంకెలు అక్కడ చెల్లవు. మైకేల్ సెలిగ్ 1980లలో ప్రిన్స్‌టన్‌లో విద్యార్థిగా, డోనొవన్, ఫ్రేజర్‌లతో కలిసి ఇటువంటి రెక్కకోతలను వాయుసొరంగంలో పరీక్షించాడు. పరీక్షకు పెట్టిన రెక్క ముక్కలను చెక్కి పంపింది నమూనా విమానాల అభిమానులే. ఆ ఫలితాలు 1989లో పుస్తకంగా వచ్చాయి. తర్వాత ఇలినాయ్‌లో ఆచార్యుడైన సెలిగ్ పరీక్షలు కొనసాగించాడు. వాటికి అభిమానుల చందాలు కూడా తోడయ్యాయి.

2006లో ఆయన ఎఫ్ఎస్ వన్ అనే సిమ్యులేటర్‌ను తెచ్చాడు. షాంపేన్‌లోనే ఉన్న హొరైజన్ హాబీ దాన్ని పంపిణీ చేసింది. ఆ నాటికి నమూనా విమానాల విన్యాసాలు మారిపోయాయి: ముక్కు ఆకాశానికెత్తి గాలిలో నిలబెట్టడం, తోకమీద తిప్పడం. ఈ స్థితిలో రెక్క పూర్తిగా స్టాల్ అయి ఉంటుంది, విమానాన్ని నిలిపేది ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలే. మామూలు సూత్రాలు స్టాల్ దగ్గరే ఆగిపోతాయి. సెలిగ్ విమానాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకూ గాలి ఏ దిక్కునుంచి తగిలినా ఎంత బలం పుడుతుందో విడిగా లెక్కించాడు. ఒక భాగం నీడ మరొక భాగం మీద పడడం కూడా అందులో చేరింది. 2010లో ఆయన ప్రచురించిన పరిశోధనా పత్రం ఈ పద్ధతిని చిన్న డ్రోన్లకు అన్వయించి వివరిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఈ సూక్ష్మం దాదాపు వృథా. విన్యాసాలు చేసేవాడికి ఇదే ప్రాణం, ఎందుకంటే తప్పుడు సమీకరణం మీద సాధన చేసిన వేలు మైదానంలో తప్పుగానే కదులుతుంది.

వ్యాపారం మాత్రం ఈ తేడాల కోసం ఆగలేదు. హొరైజన్ తర్వాతి కాలంలో బ్రిటన్‌లో తయారైన ఫీనిక్స్‌ను అమ్మింది. 2018 జనవరిలో హాబికో దివాలా రక్షణ కోరింది. అదే ఏడు రియల్‌ఫ్లైట్ పాత పోటీదారైన హొరైజన్ చేతికి వచ్చింది, ఫీనిక్స్ అమ్మకం ఆగిపోయింది. మసాచుసెట్స్‌లోని ఒక క్లబ్బు పేరు పెట్టుకున్న క్రాక్‌సిమ్‌కు ఆ చిక్కు లేదు. దాని మూల రచన అందరికీ తెరిచి ఉంది, ఎవరైనా మార్చుకోవచ్చు.

రియల్‌ఫ్లైట్‌కు ఈలోగా ఊహించని విద్యార్థి దొరికాడు. డ్రోన్లను తమంతట తాము ఎగిరేలా చేసే ఆర్డుపైలట్ అనే సాఫ్ట్‌వేర్‌ను రాసేవారు, దాన్ని నిజమైన విమానంలో పెట్టేముందు రియల్‌ఫ్లైట్‌కు కలిపి పరీక్షిస్తున్నారు. వేగం, త్వరణం, ఒరిగిన కోణం సిమ్యులేటర్‌నుంచి అటు వెళతాయి, రెక్కలకూ తోకకూ ఆజ్ఞలు ఇటు వస్తాయి. ఈ పైలట్‌కు ఎదురొచ్చే విమానంలో కుడి ఎడమలు తారుమారు కావు. మైదానపు ఫోటోతోనూ దానికి పని లేదు.