పలుకని యంత్రము



మనుష్యుల రోగనిదానమునకు చరిత్ర యున్నట్లే యంత్రముల రోగనిదానమునకును చరిత్ర కలదు. అందొక చిన్న ప్రకరణమును నేడు విన్నవింపబోవుచున్నాను. ఇంటిలో చేతులార కూర్చుకొన్న కంప్యూటరు మీట నొక్కినను మేల్కొననిచో, అందలి లోపమును వెదకు విద్య యెట్లు పుట్టినది, ఎవరి శ్రమచేత పెరిగినది అనునదే విషయము.

ఇది మావంటి వృద్ధుల కేల యని కొందరనుకొనవచ్చును. నేడు చదువుకొన్న పిల్లలు సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి చోట్ల భాగములను విడివిడిగా కొని తెచ్చి, ఇంటిలో తామే బిగించుకొనుచున్నారు. బిగించిన పిమ్మట యంత్రము పలుకకున్నచో, పంట డబ్బు నీటిపాలైనదని ఇల్లెల్ల చిన్నబోవును. తొందరపాటున మంచి భాగము చెడ్డదని పాఱవేయబడును. అంతకంటె పెద్ద నష్టమేమన, పిల్లవాని ధైర్యము చెడును. అట్టి వేళ ప్రక్కన కూర్చుండి సరియైన ప్రశ్న వేయగల పెద్ద యొకడుండుట మేలు. ఆ ప్రశ్నలు ఎక్కడినుండి వచ్చినవో చూతము.

తొలినాటి మహాయంత్రములలో ఎనియాక్ ప్రసిద్ధమైనది. అది అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున నిర్మింపబడి, 1946లో లోకమునకు చూపబడినది. అందు సుమారు 18,000 గాజు వాక్యూమ్ ట్యూబులుండెను. పాతకాలపు రేడియోపెట్టెలలో వెలుగుచుండినట్టివే యవి. వానిలో ఒక్కటి మాడినను లెక్క తప్పును. పనివారు కొంతకాలమునకు ఒక విశేషమును కనిపెట్టిరి. ట్యూబులు తఱచుగా చెడునది యంత్రము నడచుచున్నపుడు కాదు, వెలిగించునపుడును ఆర్పునపుడును. మన యిండ్లలో పాత బల్బులు మాడిపోవుటయు తఱచుగా మీట వేసిన క్షణముననే కాదా? అందుచేత ఎనియాకును ఆర్పక రేయింబవళ్లు వెలుగనిచ్చిరి. అట్లు చేసినను, 1954లో ఒకమాఱు 116 గంటలు ఏ లోపమును లేక నడచుటయే దాని కెల్ల మిక్కిలి గొప్ప. మేల్కొను క్షణమే యంత్రమునకు గండమని తొలితరమువారు నేర్చిన పాఠమిది.

ఎనియాక్ ప్రభుత్వ ధనముతో, శాస్త్రజ్ఞుల చేతులలో నడచినది. సామాన్యులు వేలకొలదిగా తమ యిండ్లలో కంప్యూటర్లు కట్టుకొను కాలము 1975లో వచ్చినది. ఆ యేటి జనవరి నెల పాపులర్ ఎలక్ట్రానిక్స్ అను పత్రిక ముఖచిత్రముగా ఆల్టెయిర్ 8800 అను యంత్రము వెలువడెను. న్యూ మెక్సికో రాష్ట్రమునందలి ఆల్బుకర్కీ పట్టణమున ఎడ్ రాబర్ట్స్ అను నాతడు నడపుచుండిన మిట్స్ అను చిన్న కంపెనీ దానిని తయారుచేసెను. ఆ కంపెనీ అప్పటికి అప్పులలో మునిగి యుండెను. విడిభాగముల వెల 397 డాలర్లు. పత్రికకు పంపిన తొలి యంత్రము దారిలోనే పోయినది. ముఖచిత్రములో కనబడినది లోపల నేమియు లేని పెట్టె మాత్రమే! ఐనను వేలకొలది జనులు దానిని కోరిరి.

వారికి తపాలాలో వచ్చినది యంత్రము కాదు. బోర్డులు, తీగెలు, చిప్పులు, మరలు. కొన్నవాడు రాత్రులు మేల్కొని కంసాలివలె టంకము వేసి వానిని అతుకవలెను. వందలకొలది అతుకులలో ఒక్కటి సరిగా కరుగక పైపైన అంటుకొన్నను యంత్రము పలుకదు. రెండు గీతల నడుమ టంకపు చుక్క పడినను పలుకదు. దాని ప్రాణమగు ఇంటెల్ 8080 చిప్పునకు మూడు విధముల విద్యుత్తు కావలెను: 5 వోల్టులు, 12 వోల్టులు, ఋణముగా 5 వోల్టులు. ఈ మూటిలో ఏది యందకున్నను చిప్పు పనిచేయదు. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ముందు పలకపై స్విచ్చిల వరుసయు, ఎఱ్ఱని చిఱుదీపముల వరుసయు మాత్రమే. దీపము వెలుగకున్నచో తన బాధ తాను చెప్పుకొనలేదు. కట్టినవాడే వోల్టుమీటరు చేతబట్టి, గోడలోని కరెంటు వద్ద బయలుదేరి, ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మరు, ఒక్కొక్క బోర్డు, ఇట్లు వరుసగా చూచుకొనుచు పోవలెను. పొలమునకు నీరు రానిచో రైతు కాలువగట్టు వెంబడి నడచి, నీరెక్కడ ఆగినదో చూచునట్టి పనియే యిది.

ఒంటరిగా వెదకుట కష్టము. 1975 మార్చి 5వ తేదీన కాలిఫోర్నియాలోని మెన్లో పార్కునందు, గార్డన్ ఫ్రెంచ్ అనువాని యింటి కారుషెడ్డులో ముప్పదిమందికి పైగా సమావేశమైరి. ఫ్రెడ్ మూర్ అనువాడును ఫ్రెంచును కలసి పిలిచిన ఆ సభయే హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బునకు నాంది. పిమ్మట లీ ఫెల్సెన్‌స్టైన్ దాని సభలను నడపెను. ఒక్కొక్కరు లేచి తమకేమి తెలియునో, తమకేమి కావలెనో చెప్పుదురు. అనంతరము గుమిగూడి ఒకరి కొకరు సాయపడుదురు. మిట్స్ పంపిన మెమరీ బోర్డులు సరిగా పనిచేయకపోగా, సభ్యులలో నొకడైన బాబ్ మార్ష్ వేఱొక బోర్డును తయారుచేయించి అమ్మెను. ఆ యేప్రిలు సభలో స్టీవ్ డాంపియర్ అను నాతడు తన ఆల్టెయిర్ ప్రక్కన చిన్న రేడియోను ఉంచెను. యంత్రమునుండి వెలువడు విద్యుత్తరంగములు రేడియోలో చొరబడి పాటయై వినబడెను. గొంతులేని యంత్రము రేడియో నోట పాడినది.

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరుకు సొంత గొంతే కలిగెను. మీట వేయగానే అది తన్ను తానే పరీక్షించుకొనును. అంతయు సరిగానున్నచో ఒక చిన్న ‘బీప్’ వినిపించును. లోపమున్నచో ధ్వని మాఱును. అంతేకాక, విద్యుత్తు నిలుకడ చెందినదని పవర్ సప్లై సంకేతమిచ్చు వఱకు ప్రాసెసరు పని మొదలుపెట్టదు. మేల్కొను క్షణపు గండమునకు ఇట్లు ఒక కాపు ఏర్పడినది.

1995లో ఇంటెల్ వారు ఏటీఎక్స్ అను పద్ధతిని ప్రవేశపెట్టిరి. అంతవఱకు మీట యనగా కరెంటును నేరుగా కలుపునది, తెంపునది. ఏటీఎక్స్‌లో మీట ఒక విన్నపము మాత్రమే. మీట నొక్కినచో మదర్ బోర్డునకు కబురందును. ఆ బోర్డు పవర్ సప్లైని మేల్కొలుపును. అందుకొఱకు ఆర్పిన యంత్రములో సైతము 5 వోల్టుల కొద్దిపాటి విద్యుత్తు కావలివానివలె మేలుకొని యుండును. 2000 సంవత్సరమున ప్రాసెసరు కొఱకు వేఱుగా 12 వోల్టుల తీగెల కట్టయు చేరినది. ఈ మార్పుల వలన క్రొత్త చిక్కు పుట్టెను. మీటనుండి వచ్చు రెండు సన్నని తీగెలు తప్పు సూదులకు తగిలించిననాడు, భాగములన్నియు మంచివైనను యంత్రము మౌనము వహించును.

కావున నేటి ప్రశ్నల వరుస యిది. గోడ సాకెట్టులో కరెంటు కలదా? అక్కడ వేఱొక దీపము వెలుగుచున్నదా? పవర్ సప్లై వెనుకనున్న చిన్న స్విచ్చి వేసితివా? పాత సప్లైలలో 115, 230 అని రెండు గుఱుతులుండును. మన దేశమున 230 వద్దనే యుండవలెను. మదర్ బోర్డు పెద్దకట్టయు, ప్రాసెసరు చిన్నకట్టయు బిగువుగా దిగినవా? మెమరీ పలక ‘టక్’ మని కూర్చున్నదా? మీట తీగెలు తమ సూదులపైననే యున్నవా? వానిని తీసి, ఆ రెండు సూదులను స్క్రూడ్రైవరు కొనతో క్షణము కలిపినపుడు యంత్రము మేల్కొన్నచో, దోషము మీటలోనిదే.

అప్పటికిని పలుకకున్నచో మన తర్కశాస్త్రము చెప్పిన అన్వయవ్యతిరేకములే శరణ్యము. ఏది యున్నపుడు కార్యము కలుగునో, ఏది లేనపుడు కలుగదో, అదియే కారణము. యంత్రమును పెట్టెనుండి తీసి పొడి అట్టపై పఱచి, బోర్డు, ఫ్యానుతోకూడిన ప్రాసెసరు, ఒక్క మెమరీ పలక, పవర్ సప్లై మాత్రమే ఉంచవలెను. తెర బొమ్మను బోర్డు ఈయలేనిచో గ్రాఫిక్స్ కార్డును చేర్చవలెను. మేల్కొన్నచో తక్కినవానిని ఒక్కొక్కటిగా చేర్చుచు, ఏది చేరగా మౌనము మఱల వచ్చునో చూడవలెను. ఒకమాఱు ఒక్కదానినే మార్చవలెను. రెండు మందులను ఒకేమాఱు ఇచ్చిన వైద్యునకు ఏది గుణమిచ్చినదో తెలియదు గదా.

ఒక హెచ్చరిక. ఏ భాగము తాకుటకు ముందైనను ప్లగ్గు పెఱికివేయవలెను. పవర్ సప్లై డబ్బాను మాత్రము తెఱవరాదు. అందలి కెపాసిటర్లు ప్లగ్గు తీసిన పిదపను ప్రమాదకరమైన విద్యుత్తును పట్టియుంచగలవు. బోర్డుపైనున్న కెపాసిటర్లను చూపుతో పరీక్షింపవచ్చును. 2000 తరువాతి కొన్ని యేండ్లలో, లోపలి ద్రవము దోషయుక్తమై, లోకమంతటను లెక్కలేనన్ని బోర్డులపై అవి ఉబ్బి చెడినవి. తల ఉబ్బిన కెపాసిటరు రోగచిహ్నము. అది తెలిసిన పనివానికి చూపవలసినది.

ఆల్టెయిరును సృష్టించిన ఎడ్ రాబర్ట్స్ 1977లో తన కంపెనీని అమ్మివేసి జార్జియా రాష్ట్రమునకు తరలిపోయెను. అచ్చట వైద్యవిద్య నభ్యసించి, 1986లో పట్టము పొంది, కాక్రన్ అను చిన్న ఊరిలో డాక్టరై రోగులను చూచుచు, 2010లో కన్నుమూసెను. యంత్రము కట్టిన చేయి నాడి పట్టినది. రెండు పనులకును కావలసినది ఒక్కటే: తొందరపడక, మొదటినుండి, వరుసగా అడుగుట.

కావున మీ యింటి పిల్లవాడు కట్టిన యంత్రము పలుకనినాడు, అది చచ్చినదని యెవ్వరిని అననీయకుడు. “నాయనా, ఎక్కడివఱకు కరెంటు వచ్చినది?” అని అడుగుడు. వాడు గోడ వద్దనుండి మొదలుపెట్టును.