మూలపాఠ పరిశీలన, మత సంస్కరణ: ఎరాస్మస్ – వీరేశలింగం

మత సంస్కరణను ఉద్యమకారుల చరిత్రగా చెప్పడం పరిపాటి. దాని వెనుక ఉన్న పాఠపరిష్కర్త పాత్ర అంతగా చర్చకు రాదు. ఎరాస్మస్ 1516లో కొత్త నిబంధన గ్రీకు పాఠాన్ని తన లాటిన్ అనువాదంతో కలిపి ప్రచురించాడు. స్త్రీలు, కర్షకులు సైతం లేఖనాలను చదవాలని పీఠికలో ఆకాంక్షించాడు. కానీ ఆయన రాసింది పండితుల లాటిన్‌లోనే. ఆ గ్రీకు పాఠం ఆధారంగా 1522లో జర్మన్ అనువాదాన్ని ప్రజలకు అందించినవాడు లూథర్. 1524 నాటికి ఇద్దరూ విభేదించారు. ఎరాస్మస్ పాత చర్చిలోనే ఉండిపోయాడు.

తెలుగునాట ఈ రెండు పాత్రలూ కందుకూరి వీరేశలింగం (1848–1919)లో కలిశాయి. వితంతు పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చినా, రాజమహేంద్రవరంలో ఆయన తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. చట్టబలం ఒక్కటే చాలదని ఈ పాతికేళ్ల వ్యవధి తెలుపుతుంది. శాస్త్రం సమ్మతించదన్న నమ్మకం బలమైన అడ్డంకి. అందుకే ఆయన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని మార్గంలో పరాశరస్మృతిని ప్రమాణంగా చూపారు. పండితులతో శాస్త్రచర్చ సాగిస్తూనే, 1874లో ప్రారంభించిన ‘వివేకవర్ధని’ ద్వారా సామాన్య పాఠకుని ముందుకు తెలుగు వచనంలో సంస్కరణ వాదాన్ని తెచ్చారు. ఎరాస్మస్ ‘మౌఢ్య ప్రశంస’ వలె ఆయన ప్రహసనాలూ హాస్యాన్ని ఆయుధంగా చేసుకున్నాయి.

ఒకరి ప్రభావం మరొకరిపై ఉన్నదని ఈ పోలిక ఉద్దేశం కాదు. ప్రమాణవాదానికి ఒక హద్దు ఉంది: ప్రతివాది మరో స్మృతిని చూపగలడు. వీరేశలింగం బ్రహ్మసమాజ మార్గాన్ని చేపట్టడాన్ని ఈ హద్దు వెలుగులో పరిశీలించవలసి ఉంది. మూలపాఠం సంస్కరణకు ద్వారం తెరిచింది. ప్రజల భాష, ఆచరణ దానిని లోపలికి నడిపించాయి.