పేర్లు చెప్పుకున్నాకే కత్తి

రోగికి మత్తు ఎక్కింది. కోయాల్సిన చోట మందు పూసి, చుట్టూ ఆకుపచ్చ గుడ్డలు కప్పారు. సర్జన్ కత్తి అందుకోవడమే తరువాయి. సరిగ్గా అప్పుడు ఆపరేషన్ థియేటర్‌లో పని ఆగాలి. ఒకరికొకరు కొత్త అయితే గదిలో ఉన్నవాళ్లంతా తమ పేరు, తాము చేసే పని పైకి చెప్పాలి. సర్జన్, మత్తు డాక్టరు, స్టాఫ్ నర్సు, టెక్నీషియన్... ఎవరికీ మినహాయింపు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్టులో ఇదొక అంశం. ఈ విరామాన్ని ‘టైమ్ ఔట్’ అంటారు. మన దేశంలో ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే ఎన్ఏబీహెచ్ గుర్తింపు కావాలనుకునే ఆసుపత్రులు కూడా ఆపరేషన్లకు భద్రతా చెక్‌లిస్టు పాటించాల్సిందే.

మనిషిని బల్ల మీద పడుకోబెట్టుకుని ఇప్పుడు పరిచయాలేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ పద్ధతి మూలాలు వెతుక్కుంటూ పోతే ఆసుపత్రులు దాటి, విమాన ప్రమాదాల దాకా వెళ్లాలి.

ఒకసారి అడిగి ఊరుకున్నాడు

1977 మార్చి 27. స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలోని విమానాశ్రయాన్ని పొగమంచు కమ్మేసింది. డచ్చి సంస్థ కేఎల్ఎం జంబో జెట్ టేకాఫ్‌కు పరుగు మొదలుపెట్టింది. అదే రన్‌వే మీద పాన్ ఆమ్ జంబో ఇంకా కదులుతోంది. కేఎల్ఎం ఫ్లైట్ ఇంజినీర్‌కు అనుమానం వచ్చింది. ఆ విమానం ఇంకా పక్కకు తప్పుకోలేదా అని అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఆ కెప్టెన్ సామాన్యుడు కాదు, సంస్థలో జంబో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద, కంపెనీ ప్రకటనల్లో కనిపించే ముఖం. అంతటివాడు అంత గట్టిగా చెప్పాక ఇంజినీర్ మళ్లీ నోరెత్తలేదు. రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు.

మరుసటి ఏడాది డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం కూలింది. చక్రాలు సరిగ్గా దిగాయో లేదోనన్న సందేహంతో కెప్టెన్ గంటసేపు గాల్లో చక్కర్లు కొట్టించాడు. ఇంధనం తరిగిపోతున్న సంగతి పక్కవాళ్లకు తెలుసు. చెప్పారు కానీ గట్టిగా, సూటిగా చెప్పలేదు. ఇంజిన్లు ఆగిపోయి విమానం ఊరి శివారులో పడింది. చనిపోయిన పదిమందిలో ఆ విమానం ఫ్లైట్ ఇంజినీర్ కూడా ఉన్నాడు.

రెండు చోట్లా విమానం నడపడంలో ఆరితేరినవాళ్లే ఉన్నారు. పెద్దాయన పొరబడుతున్నాడని తెలిసినా, అనుమానం వచ్చినా, గట్టిగా నిలబడి చెప్పేవాళ్లే కరువయ్యారు. 1979లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఈ విషయంపై శాన్‌ఫ్రాన్సిస్కోలో సదస్సు పెట్టింది. అక్కడి చర్చల్లోంచి ‘కాక్‌పిట్ రిసోర్స్ మేనేజ్‌మెంట్’ అనే శిక్షణ పుట్టింది. 1981లో యునైటెడ్ తన పైలట్లకు దాన్ని మొదలుపెట్టింది. తర్వాత అది క్యాబిన్ సిబ్బందినీ కలుపుకుని ‘క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్’ అయింది. ఇప్పుడు మన దేశంలోనూ పైలట్లందరికీ ఈ శిక్షణ తప్పనిసరి.

అలసినా, తెలిసినవాళ్లే నయం

విమాన సిబ్బందికి ఒక చిక్కుంది. రోస్టర్ ఎవరిని ఎవరితో వేస్తే వాళ్లతో ఎగరాలి. పెద్ద సంస్థల్లో కెప్టెన్, కో-పైలట్ ఒకరి ముఖం ఒకరు మొదటిసారి చూసుకునేది డ్యూటీకి వచ్చినప్పుడే కావచ్చు. కాసేపట్లో వందలమంది తమ ప్రాణాలు వాళ్ల చేతుల్లో పెడతారు.

ఇందులో ప్రమాదమెంతో అనుకోకుండా బయటపడింది. నాసాకు చెందిన క్లేటన్ ఫౌషీ బృందం 1986లో అలసట మీద చేసిన అధ్యయనాన్ని వెలువరించింది. వరసగా కొన్ని రోజులు కలిసి ఎగిరి అలసిపోయిన జంటలను, విశ్రాంతి తీసుకుని కొత్తగా కలిసిన జంటలను సిమ్యులేటర్‌లో పరీక్షించారు. అలసినవాళ్లే ఎక్కువ తప్పులు చేస్తారని అనుకున్నారు. జరిగింది అందుకు విరుద్ధం. కలిసి ఎగిరిన అలవాటు ఉన్నవాళ్లే తక్కువ పొరపాట్లు చేశారు. 1994లో అమెరికా రవాణా భద్రతా బోర్డు పాత ప్రమాదాల లెక్కలు తీసింది. వివరాలు దొరికిన వాటిలో 73 శాతం ఆ సిబ్బంది కలిసి పనిచేసిన మొదటి రోజునే జరిగాయి. 44 శాతం కలిసి ఎగిరిన మొట్టమొదటి ప్రయాణంలోనే.

అలాగని ఒకే జట్టును ఏళ్ల తరబడి కలిపి ఉంచడం ఏ సంస్థకూ కుదరదు. అందుకే పరిశోధకుల చూపు తొలి నిమిషాల మీద పడింది. అమెరికా వాయుసేన అధికారి రాబర్ట్ గినెట్ 1980లలో కెప్టెన్లు కొత్త సిబ్బందిని కలిసే తీరును దగ్గరుండి గమనించాడు. మంచి కెప్టెన్లు తొలి పలకరింపులోనే జట్టు కట్టేస్తారని తేల్చాడు. ఒక కెప్టెన్ తన సిబ్బందితో, ఈ విమానంలో సీట్లు సీనియారిటీని బట్టి ఇచ్చారే తప్ప సమర్థతను బట్టి కాదు, కాబట్టి మీకేం కనిపించినా నాకు చెప్పండి అన్నాడట. ఆ మాటతో అందరికంటే జూనియర్‌కు కూడా నోరు తెరిచే హక్కు వచ్చేసింది.

1989 జులై 19న అమెరికాలో యునైటెడ్ 232 విమానం తోక ఇంజిన్ పేలి, విమానాన్ని అదుపు చేసే హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పోయాయి. ప్రయాణికుల్లో ఉన్న, పైలట్లకు శిక్షణ ఇచ్చే డెన్నిస్ ఫిచ్ కాక్‌పిట్‌లోకి వచ్చి, సీట్ల మధ్య చేరి ఇంజిన్ల థ్రాటిల్స్ పట్టుకున్నాడు. అంతటి గండంలోనూ కెప్టెన్ ఆల్ హేన్స్ అతనికి తన పేరు చెప్పాడు, అతనూ తన పేరు చెప్పాడు. దిగాక కలిసి బీరు తాగుదామని కూడా అనుకున్నారు. విమానం సూ సిటీ రన్‌వే మీద ముక్కలైనా, 296 మందిలో 184 మంది బతికి బయటపడ్డారు. క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ శిక్షణ లేకుంటే తాము బయటపడేవాళ్లం కాదని హేన్స్ తర్వాత చెప్పాడు.

శిక్షణ ఉన్నంత మాత్రాన ఆచరణ వస్తుందని కాదు. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. దిగొద్దు, మళ్లీ పైకి లేపమని కో-పైలట్ మూడుసార్లు చెప్పినా కెప్టెన్ వినలేదని విచారణలో తేలింది.

కాక్‌పిట్ నుంచి ఓటీకి

ఆపరేషన్ థియేటర్ పరిస్థితీ ఇంతే. షిఫ్టులు మారతాయి, మనుషులు మారతారు. మాస్కు, టోపీ పెట్టుకుంటే ఎవరెవరో పోల్చుకోవడమూ కష్టమే. ఇక మన థియేటర్లలో సార్, మేడమ్, సిస్టర్, బాబూ అన్న పిలుపులతోనే రోజంతా గడిచిపోతుంది. ఏళ్లు కలిసి పనిచేసినా పేరు తెలియని టెక్నీషియన్ ఉండొచ్చు.

అమెరికా సర్జన్ అతుల్ గవాండే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం చెక్‌లిస్టు తయారుచేసే పనిలో బోయింగ్ నిపుణుల దగ్గరికి వెళ్లి మెళకువలు తెలుసుకున్నాడు. 19 అంశాల ఆ జాబితాను ఢిల్లీ, లండన్, మనీలా సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో పరీక్షించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, తీవ్రమైన ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గినట్టు 2009లో ప్రకటించారు. మొదట్లోనే ఒకసారి నోరు విప్పిన నర్సు, తర్వాత తేడా కనిపిస్తే చెప్పడానికి వెనకాడదని గవాండే తన ‘ది చెక్‌లిస్ట్ మానిఫెస్టో’లో వివరించాడు. 2017లో సిడ్నీ మత్తు డాక్టరు రాబ్ హాకెట్ మరో అడుగు వేసి, పేరు, హోదా టోపీ మీదే రాసుకోవడం మొదలుపెట్టాడు. అది చాలా దేశాలకు పాకింది.

అయితే 2014లో కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల లెక్కలు చూస్తే, చెక్‌లిస్టు తప్పనిసరి చేశాక చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. పై నుంచి ఆదేశం వస్తే కాగితం మీద టిక్కులు పడతాయి, నోళ్లు తెరుచుకోవాలని లేదు.

మన ఆఫీసుల్లో కొత్త మేనేజరు వస్తే బొకే ఇస్తారు, టీ బిస్కెట్లు పంచుతారు, ఆయన అరగంట మాట్లాడతాడు, మిగతావాళ్లు వింటారు. పరిచయ కార్యక్రమం ముగుస్తుంది. విమానయానం ఇంత మూల్యం చెల్లించి నేర్చుకున్న పాఠం ప్రకారం ఇది తలకిందుల వ్యవహారం. తొలిరోజు మాట్లాడాల్సింది కింది ఉద్యోగులు, వినాల్సింది పైనున్నవాడు. కొత్తగా జట్టు పగ్గాలు పట్టేవాళ్లు ముందు మీ పేరు చెప్పండి. అందరికంటే జూనియర్ పేరూ పనీ అడగండి. నేనూ పొరబడతాను, కనిపిస్తే చెప్పమని అందరి ముందూ అనండి. చెప్పిన రోజున, ఆ మాట ఎంత చేదుగా ఉన్నా, వినండి.