హెడ్‌ఫోన్లో ఒక పక్కే ఎందుకు పోతుంది?

పోయిన వారం ఆన్‌సైట్ వాళ్ళతో కాల్ మధ్యలో నా హెడ్‌ఫోన్ ఎడమ పక్క ఆగిపోయింది. పిన్ను దగ్గర వైరు మెలితిప్పి పట్టుకుంటే వస్తుంది, వదిలితే పోతుంది. గంటసేపు అక్కడ వేలు నొక్కిపెట్టి "యస్, యస్" అంటూ కూర్చున్నా. ఈ బాధ పడని ఐటీ జీవి ఉండడనుకుంటా.

ఇదంతా చూస్తున్న మా అమ్మ నవ్వి, "మాకు మొదట్నించీ ఒక చెవికే కదరా ఇచ్చారు!" అంది. ఆవిడ రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ట్రంకు ఆపరేటరుగా చేసి రిటైరైంది. పిన్ను చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా బోర్డు ప్లగ్గేరా, చిక్కిపోయింది పాపం" అంది.

నిజమే మరి. 1878 జనవరిలో అమెరికాలోని న్యూ హేవెన్‌లో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి మొదలైంది. లైన్లు చేత్తో కలపడానికి చార్లెస్ స్క్రిబ్నర్ అనే ఇంజినీరు ఆ రోజుల్లోనే ఒక స్విచ్చి చేశాడు. చూడ్డానికి మడతకత్తిలా ఉండేదని దాన్ని జాక్-నైఫ్ అన్నారు. నైఫ్ పోయి జాక్ మిగిలింది! అందులో పెట్టే ప్లగ్గు పోనుపోనూ పావు అంగుళం లావున స్థిరపడింది. కొన టిప్, మధ్య పట్టీ రింగ్, మొదలు స్లీవ్. లైను ఖాళీయో కాదో తెలియాలంటే ప్లగ్గు కొనని జాక్ అంచుకి తాకించేవారట, చెవిలో టిక్కుమంటే బిజీ.

ఇక హెడ్‌ఫోన్ సంగతి. 1910లో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన యూటాలో తన వంటింట్లో తయారుచేసి అమెరికా నౌకాదళానికి అమ్మాడు. వాటికి రెండు చెవులున్నా వినబడేది ఒకటే శబ్దం. 1958లో మిల్వాకీలో జాన్ కాస్ పాటల కోసం స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చాడు. స్టీరియోతో పాత ప్లగ్గుకి కొత్త ఉద్యోగం దొరికింది: టిప్ ఎడమ చెవికి, రింగ్ కుడి చెవికి, స్లీవ్ ఇద్దరికీ ఉమ్మడి.

మన రోగం అక్కడుంది. టిప్ తీగ తెగితే ఎడమ, రింగ్ తీగ తెగితే కుడి. ఉమ్మడి తీగ తెగితే ఇంకా తమాషా: రెండు చెవులూ పనిచేస్తాయి గానీ గాయకుడు మాయం! రెండు పక్కలా సమానంగా ఉన్న శబ్దం కొట్టుకుపోయి, తేడా మాత్రం మిగులుతుంది.

1979లో వాక్‌మన్ వచ్చాక హెడ్‌ఫోన్లు జేబులో పట్టేలా చిక్కాయి, వైర్లూ చిక్కాయి. లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు, వాటికి ఎనామిల్ పూత. పిన్ను మెడ దగ్గర వంగినప్పుడల్లా ఒక్కో పోగు తెగుతుంది.

"మాకూ అక్కడే తెగేది," అంది అమ్మ. "మెకానిక్ వచ్చి ప్లగ్గు మర విప్పి, పాడైన ముక్క కోసేసి మళ్ళీ బిగించేవాడు. వైరు పొట్టిదయ్యేది, అంతే."

అంతే! వైరు తెగుతుందని వాళ్ళకి ముందే తెలుసు, అందుకే విప్పుకునేలా చేసుకున్నారు. మనకీ తెలుసు, అయినా ప్లగ్గుని ప్లాస్టిక్‌లో పోతపోసి అమ్ముతున్నాం.

మీదీ పోతే పారేయకండి. ముందు ఇంకో ఫోన్లో పెట్టి చూడండి. అక్కడ రెండు పక్కలా వస్తే తప్పు ఫోనుదే: సెట్టింగుల్లో ఆడియో బ్యాలెన్స్ ఒక పక్కకి జరిగిందేమో చూడండి, జాక్‌లో ఇరుక్కున్న దుమ్ము పుల్లతో నెమ్మదిగా తీయండి. ఎక్కడ పెట్టినా, వైరు వంచినప్పుడు మాత్రమే వస్తే, పిన్ను పైన రెండంగుళాలు కోసి, మర ఉన్న కొత్త పిన్ను కొని సాల్డరింగ్ చేయండి. ముందు ఎనామిల్ పూత గీకడం లేదా కాల్చడం మర్చిపోవద్దు, లేకపోతే టంకం అంటదు. ఏ తీగ ఎవరిదో రంగుని నమ్మకుండా మల్టీమీటర్‌తో చూసుకోండి.

2016లో ఐఫోన్ 7 ఈ జాక్‌ని తీసేసింది. వైర్లెస్ బడ్స్‌లోనూ ఒక పక్క పోతూనే ఉంది: గులిమితో జాలీ మూసుకుపోవడమో, ఛార్జింగ్ పిన్నులకి మురికి పట్టడమో. అవి తుడుచుకోవచ్చు గానీ లోపల బ్యాటరీ పోతే విప్పడానికి మర కూడా లేదు.

నా హెడ్‌ఫోన్ ఇప్పుడు రెండంగుళాలు పొట్టిది. రెండు చెవులూ పలుకుతున్నాయి. సాల్డరింగ్ చేస్తున్నంతసేపూ వైరు కదలకుండా పట్టుకున్నది మా అమ్మే.