బొంతతో సూది పట్టించిన పత్తి పల్లె



పాత చీరలు పొరలుగా పరచి బొంత కుట్టడం మీకు కొత్త సంగతి కాదు. ఆ పనితోనే తరతరాలుగా ఆడపిల్లలకు కుట్టు నేర్పిన ఒక పత్తి పల్లె కథ యీవేళ చెప్పుకుందాం. ఆ వూరు మన దేశంలోది కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, అలబామా నది మూడు వైపులా చుట్టి పారే వంపులో వున్నది. పేరు జీస్ బెండ్.

అక్కడివారు నల్లజాతి రైతులు. వారి తాతముత్తాతలు ఆ పత్తి చేలలోనే బానిసలు. పెట్‌వే అనే యజమాని యింటిపేరే నేటికీ వూళ్లో చాలామందికి యింటిపేరు. 1865లో బానిసత్వం పోయింది గాని భూమి చేతికి రాలేదు. అదే నేలను కౌలుకు చేస్తూ, విత్తనాలకూ తిండికీ షావుకారు దగ్గర అప్పు తెస్తూ బతికారు. పత్తి ధర పడిపోయింది. 1932లో అప్పిచ్చిన వర్తకుడు చనిపోగా అతని కుటుంబం బాకీ కింద సుమారు 60 యిళ్లవారి పశువులనూ, పనిముట్లనూ, తిండి గింజలనూ తీసుకుపోయింది. అప్పు సంగతి తెలిసిన మీకు యింతకంటె చెప్పనక్కరలేదు.

అటువంటి యిళ్లలో బొంత వేడుక వస్తువు కాదు. చెక్క గోడల సందుల్లోంచి చలిగాలి కొడుతుంది. పిల్లలను కాపాడేది బొంతే. గుడ్డ కొనే డబ్బు యెక్కడిది? పొలంలో మోకాళ్ల దగ్గర చినిగిన పంట్లాలు, చొక్కాలు, పిండి సంచులు, అవే గుడ్డ. లోపలి దూదికి జిన్నింగు మిల్లు నేలమీద మిగిలిన పత్తిని తెచ్చి, కర్రలతో కొట్టి మెత్తబరచేవారు.

మరి పిల్లలు యెలా నేర్చుకున్నారు? బొంతను చట్రానికి బిగించి నలుగురు ఆడవాళ్లు చుట్టూ కూర్చుంటే, చిన్నపిల్లలు దాని కిందనే ఆడుకునేవారు. కళ్లు బాగా ఆనుతాయి గనుక సూదుల్లో దారం యెక్కించే పని వారిదే. కాస్త పెద్దయితే రెండు పట్టీలు కలిపి కుట్టడం. ఆ వూరివారికి యింటికప్పు అని పేరుగల పద్ధతి ఒకటి వున్నది. నడుమ ఒక చదరపు ముక్క పెట్టి, దాని చుట్టూ ఒక్కొక్క పట్టీ చేరుస్తూ పోతారు. అన్నీ సూటి కుట్లే, వంపు లేదు. మొదటి పట్టీ జానెడుంటే చివరిది బారెడు. పిల్ల చెయ్యి కుదిరేకొద్దీ కుట్టూ పొడుగవుతుంది. అంచు వంకర పోతే కత్తెరతో సరిచేసి తరువాతి పట్టీ వేయవచ్చు. రవికెలో ఆ వంకర పోతే గుడ్డ దండుగే గదా!

నమూనా గుడ్డమీద కుట్లు వేయించి మూలను పడవేయించే తరగతికంటె యిదే మేలని నా అభిప్రాయం. రాత్రి తాను కప్పుకోబోయే దానిమీద పిల్లకు శ్రద్ధ వేరు. 1942లో మిజూరీ పెట్‌వే అనే ఆవిడ చనిపోయిన భర్త పొలం బట్టలతో ఒక బొంత కుట్టింది. ఆవిడ కూతురు అర్లోంజియా తరువాత పేరుపొందిన బొంత పనివారిలో ఒకరైనారు.

యీలోగా 1937లో ప్రభుత్వం ఆ భూమి కొని, రైతులకు అప్పులిచ్చింది. చాలామంది సొంతదారులైనారు. చుట్టుపక్కల కౌలుకు చేసేవారికి ఆ అదృష్టం లేదు. 1960ల్లో ఓటు హక్కు కోసం పేరు నమోదు చేసుకున్నందుకు కొందరిని భూస్వాములు వెళ్లగొట్టారు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టి బొంతలు అమ్మారు. సంఘం 23 యెకరాలు కొని, అందులో కొంత స్థలం అలా యిళ్లు పోయిన కుటుంబాలకు అమ్మింది.

అయితే ఒక చిక్కు వచ్చింది. పెద్ద దుకాణాలకు ప్రతి బొంతా ఒకే కొలతలో, ఒకే రంగులో కావాలి. తల్లి పక్కన కూర్చుని కంటి అంచనాతో నేర్చినవారికి అది చెరసాలలా తోచింది. 1972లో సియర్స్ కంపెనీ కోసం కార్డురాయ్ గుడ్డతో దిండు గలీబులు కుట్టారు. మిగిలిన ముక్కలు యింటికి వెళ్లి, యెవరి యిష్టం వచ్చినట్టు వారి బొంతలైనాయి. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో జనం చూడవచ్చినదీ, 2006లో అమెరికా తపాలా బిళ్లలకు యెక్కినదీ యీ సొంత తీరు బొంతలే.

విస్తరణ కార్యకర్తలు యిటువంటి తరగతి పెట్టదలిస్తే మగపిల్లలను కూడా కూర్చోబెట్టండి. దబ్బనంతో గోనె కుట్టే రైతుకు సూది పరాయిదా? నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలు చాలు. బాగా నలిగిపోయిన గుడ్డ పక్కన గట్టి గుడ్డ వేయకండి, పాతది చినుగుతుంది. కొత్త గుడ్డయితే ముందు తడిపి ఆరవేయండి. లేకుంటే మొదటి వుతుకులోనే ముడుచుకుని పక్క ముక్కను లాగేస్తుంది.